సంతకాలు రెండు, బెంచీలు రెండు

కిందటి సంచికలో బంగారు తాకట్టు అప్పుల గురించి రాస్తే, “ఎప్పుడూ వడ్డీల గోలేనా, ఈసారి కాస్త సరదా సంగతి రాయండి” అని ఇద్దరు ముగ్గురు పాఠకులు ఫోన్ చేసి మరీ చెప్పారు. సరే, టీవీని మించిన సరదా ఏముంటుంది అనుకొని కాగితం తీసుకున్నాను. రాస్తూ పోతే అదీ అప్పు దగ్గరికే వచ్చి తేలింది. బ్యాంకువాడి బుద్ధి, ఏం చేస్తాం!

2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారం. మా పావగడ తాలూకాలోని ఒక పల్లె నుంచి ఆడవాళ్ళ సంఘం అప్పు రెన్యువల్‌కు రావలసి ఉంది. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పకూడదు, చెప్పను. పన్నెండుమంది సభ్యులు, ఎనిమిదేళ్ళలో ఒక్క కంతు తప్పని సంఘం. కొత్త మేనేజరు ఎవరొచ్చినా మేము ముందుగా గొప్పగా చూపించే ఖాతా అది. అందులోంచి రూపాయి కదలాలన్నా, కొత్త అప్పు తీసుకోవాలన్నా అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరి సంతకాలూ పడాలి. ఆ రోజు అధ్యక్షురాలు ఒక్కతే వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు కార్యదర్శి వచ్చింది. కాగితం చూసింది. పెన్ను కింద పెట్టేసింది.

“ఆయమ్మ పేరు పక్కన నేను సంతకం చేసేది లేదు సార్. వేరే కాగితం ఇస్తే చేస్తా.”

“వేరే కాగితం ఎట్లా కుదురుతుందమ్మా? సంఘం ఒకటే కదా?”

“సంఘం ఒకటే సార్. ఆయమ్మే వేరే.”

పొలం గట్టు తగాదానో, పెళ్ళి పిలుపులో పొరపాటో అయి ఉంటుందనుకున్నాను. ఇద్దరూ వరసకు వదినామరదళ్ళు కూడాను. నెమ్మదిగా అడిగితే తేలిందేమంటే, తగాదా బిగ్ బాస్ మీద.

ఆ కార్యక్రమం చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇరవై మంది దాకా మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి, వంద రోజులకు పైగా బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచుతారు. ఇరవై నాలుగు గంటలూ కెమెరాలు తిరుగుతూనే ఉంటాయి. రోజూ అందులోంచి ఓ గంట కత్తిరించి మనకు చూపిస్తారు. వారానికొకరు చొప్పున ప్రేక్షకుల ఓట్లను బట్టి బయటికి వస్తుంటారు. తెలుగులో ఇది 2017లో జూనియర్ ఎన్టీఆర్ నిర్వహణలో మొదలైంది. మరుసటి ఏడు నాని, 2019 నుంచి నాగార్జున. కన్నడంలో 2013 నుంచీ సుదీపే. మా తాలూకాలో రెండూ చూస్తారు. మూడు దిక్కులా ఆంధ్ర, పరిపాలన తుమకూరు నుంచి, ఇళ్ళల్లో తెలుగు, బడిలో కన్నడం. ఇలాంటి చోట రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళదే.

2023 సెప్టెంబరు 3న మొదలైన ఏడో సీజన్ డిసెంబరు 17న ముగిసింది. చివరికి మిగిలినవాళ్ళలో ఒకరు సిద్దిపేట జిల్లా కొల్గూరుకు చెందిన పల్లవి ప్రశాంత్, “రైతుబిడ్డ” అని పేరు పడ్డ యువకుడు. రెండోవాడు అమర్‌దీప్, అనంతపురం వైపు అబ్బాయి, “జానకి కలగనలేదు” సీరియల్లో కథానాయకుడు. ఇంట్లోనే రెండు ముఠాలయ్యాయి. శివాజీ, ప్రశాంత్, యావర్ ఒకటి, దాన్ని “స్పై” అన్నారు. శోభ, ప్రియాంక, అమర్‌దీప్ రెండోది, దాన్ని “స్పా” అన్నారు. పేర్ల మొదటి అక్షరాలు కలిపి ప్రేక్షకులు పెట్టిన పేర్లివి. ఇళ్ళల్లోనూ, బస్సుల్లోనూ జనం అలాగే రెండుగా చీలారు.

మా అధ్యక్షురాలిది రైతుబిడ్డ పక్షం. “మనమూ చెనక్కాయ వేసి వానకోసం ఆకాశం చూసేవాళ్ళమే కదా సార్” అంది తరవాత ఒకసారి. కాదనలేం. కార్యదర్శి పుట్టిల్లు ధర్మవరం దగ్గర. “జానకి కలగనలేదు” ఒక్క రోజు తప్పకుండా చూసిన మనిషి. పైగా ఆ అబ్బాయి భార్య కన్నడ సీరియళ్ళ నుంచి వచ్చిన అమ్మాయి. “కొడుకు మా అనంతపురం, కోడలు మన కర్ణాటక, ఇంకెవరికి వేస్తాం ఓటు?” అని ఆమె లెక్క. ఇదీ కాదనలేం.

ఆ ఆదివారం రాత్రి ప్రశాంత్ గెలిచాడు. హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియో బయట గుమిగూడిన అభిమానులు అమర్‌దీప్ కారును చుట్టుముట్టి అద్దాలు పగలగొట్టారు. కారులో ఆడవాళ్ళున్నారు. కార్యక్రమంతో సంబంధమున్న మరికొందరి కార్ల మీదా పడ్డారు. ఆ దారిన పోతున్న ఆరు ఆర్టీసీ బస్సుల అద్దాలు కూడా పోయాయి. తెలంగాణలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు మొదలై అప్పటికి ఎనిమిది రోజులు! పోలీసులు కేసు పెట్టి, 20వ తేదీన విజేతనే సొంత ఊళ్ళో అరెస్టు చేశారు. తరవాత బెయిలు వచ్చింది. గెలిచిన మూడో రోజుకే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళిన విజేత బహుశా ఇంకొకరు ఉండరు.

మా పల్లెలో పగిలినవి అద్దాలు కావు. మర్నాడు పొద్దున అధ్యక్షురాలు సంఘం వాట్సాప్‌లో సంతోషంగా ఒక మాట రికార్డు చేసి పెట్టింది. దానికి కార్యదర్శి, “ఆడకూతుళ్ళు కూర్చున్న కారు పగలగొట్టేవాళ్ళకు నువ్వు అధ్యక్షురాలివా?” అని బదులిచ్చింది. మూడో మాటకు అధ్యక్షురాలు హైదరాబాదును వదిలేసి కార్యదర్శి మొగుడి తాగుడు దగ్గరికి వచ్చేసింది. నాలుగో మాటకు ఇవతలామె కోడలి సంగతి ఎత్తింది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. పన్నెండుమందీ విన్నారు, వాళ్ళ మొగుళ్ళూ విన్నారు. సావిట్లో నోరు జారితే మర్నాటికి సగం మంది మరిచిపోతారు. ఇది ఫోన్లో పడి ఉంది. కావాలంటే మళ్ళీ వినొచ్చు. విన్నారు కూడా.

వాళ్ళిద్దరినీ తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. సినిమా హీరో మీద అభిమానం వేరు. హీరో సినిమా హిట్టయినా ఫ్లాపయినా మన ప్రమేయం ఏమీ లేదు, టికెట్టు కొన్నాం అంతే. ఇక్కడ ఓటు వేసింది నేను. గెలిస్తే నేను గెలిపించాను, ఓడితే ఎదుటివాళ్ళు నా మనిషిని ఓడించారు. పైగా వంద రోజులపాటు రోజూ ఓ గంట ఆ మనిషి వంట చేయడం, ఏడవడం, అలగడం చూస్తాం. సొంత తమ్ముణ్ణి కూడా ఏడాదికి అన్ని గంటలు చూడం. అందుకే ఆ మనిషిని ఎవరైనా ఒక మాట అంటే ఇంట్లో మనిషిని అన్నట్టే తగులుతుంది. కాకపోతే మనం చూసే ఆ గంట, ఇరవై నాలుగు గంటల్లోంచి ఎవరో ఏరి పెట్టిన గంట. కలిసి భోంచేసిన సాయంత్రం కత్తిరింపులో పోతుంది, కంచం విసిరిన క్షణం ప్రకటనలో రోజంతా వస్తుంది. ఇరవై మూడు గంటల జమాఖర్చు కనబడని ఖాతాను చూసి నేనైతే ఎవరికీ అప్పివ్వను.

ఇది కొత్త జబ్బు అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మా నాన్నగారి తరంలో ఎన్టీఆర్, ఏఎన్నార్ పక్షాలు. 1962లో “గుండమ్మ కథ” తీసినప్పుడు టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు వేయాలన్న చిక్కు రాకుండా నటీనటుల పేర్లు మాని ఫోటోలు చూపించారు. నిర్మాతలకు జనం సంగతి ఎంత బాగా తెలుసో చూడండి. 1977 సంక్రాంతికి “దాన వీర శూర కర్ణ”, “కురుక్షేత్రం” ఒకే రోజు, జనవరి 14న విడుదలయ్యాయి. ఎన్టీఆర్ అభిమానులు ఒక వైపు, కృష్ణ అభిమానులు ఒక వైపు, భారతం మాత్రం ఒక్కటే. మా వయసు వచ్చేసరికి చిరంజీవి, బాలకృష్ణ. మాకు దగ్గరి పెద్ద ఊరు హిందూపురం. ఎన్టీఆర్ మూడుసార్లు అక్కడి నుంచే ఎమ్మెల్యే అయ్యారు, 2014 నుంచి బాలకృష్ణ గెలుస్తూ వచ్చారు. కాబట్టి మా వైపు గాలి ఎటు వీస్తుందో చెప్పనక్కరలేదు. అయినా ప్రతి క్లాసులోనూ ఇద్దరో ముగ్గురో చిరంజీవి మొండివాళ్ళు ఉండేవాళ్ళు. 2001 జనవరి 11న “నరసింహ నాయుడు”, “మృగరాజు” ఒకే రోజు వచ్చినప్పుడు మా స్నేహితుల్లో ఇద్దరు పందెం కాసుకొని, ఓడినవాడు ఆర్నెల్లపాటు టీ డబ్బులిచ్చాడు. అంతటితో సరి. టీ అంగడి ఆయన హద్దు దాటనిచ్చేవాడు కాదు. “గొడవ పడేదుంటే గ్లాసులు పెట్టి పోండప్పా” అనేవాడు.

కన్నడం వైపూ అంతే. రాజ్‌కుమార్, విష్ణువర్ధన్ కలిసి నటించింది ఒక్క “గంధద గుడి”లోనే, 1973లో. ఆ షూటింగులో ఒక తుపాకీ సంగతి మీద పుట్టిన పుకారు, అభిమానుల నోళ్ళలో పడి విష్ణువర్ధన్‌ను ఏళ్ళ తరబడి వెంటాడింది. అంతకుముందు ఏడే ఆయన మా పక్కనున్న చిత్రదుర్గం కోట మీద “నాగరహావు” చేసి పేరు తెచ్చుకున్నారు. 2009లో ఆయన పోయేదాకా కొందరు ఆ పుకారు వదల్లేదు.

అన్నీ టీ డబ్బులతో తీరిపోలేదు మరి. 2016 ఆగస్టులో మన కర్ణాటకలోనే, కోలారు దగ్గర, తిరుపతి నుంచి వచ్చిన ఒక పవన్ కల్యాణ్ అభిమాని హత్యకు గురయ్యాడు. అక్కడ ఒక అవయవదాన కార్యక్రమానికి వచ్చాడు. హీరోల గురించి మాటా మాటా పెరిగింది. పొడిచినవాడు జూనియర్ ఎన్టీఆర్ అభిమాని. పవన్ కల్యాణ్ తిరుపతి వెళ్ళి ఆ తల్లిదండ్రులను ఓదార్చారు. ఐదున్నరేళ్ళు దాటాయి. 2022 మార్చి 19న “ఆర్ఆర్ఆర్” సినిమా విడుదల ముందు సభ చిక్కబళ్ళాపురంలో జరిగింది. 2007 వరకు అది కోలారు జిల్లాలోదే. ముఖ్యమంత్రి బొమ్మయి వచ్చారు, శివరాజ్‌కుమార్ వచ్చారు. రెండు రాష్ట్రాల నుంచీ జనం విరగబడ్డారు. వేదిక మీద జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ అన్న కొడుకు రామ్‌చరణ్ పక్కపక్కన, అన్నదమ్ముల్లా. ఆ సభ టీవీలో చూస్తున్నప్పుడు మా ఇంట్లో అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం తిరుపతిలో ఆ ఇంట్లో టీవీ పెట్టి ఉంటారా, కట్టేసి ఉంటారా అన్న ఆలోచన వచ్చింది. సినిమాలో వాళ్ళిద్దరూ స్నేహితులే. బయటా స్నేహితులే. 2016లోనూ వాళ్ళ మధ్య పగ ఏమీ లేదు.

కామర్స్ చదివినవాణ్ణి గనక డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూడకుండా ఉండలేను. 2023 సంక్రాంతికి బాలకృష్ణ “వీరసింహారెడ్డి” 12న, చిరంజీవి “వాల్తేరు వీరయ్య” 13న వచ్చాయి. మా వైపు కుర్రాళ్ళు పాలాభిషేకాలు, ఫ్లెక్సీలు, ఒకరి పోస్టరు మీద ఒకరి పోస్టరు. రెండు సినిమాలూ తీసింది ఒకే సంస్థ, మైత్రీ మూవీ మేకర్స్. రెండింట్లోనూ కథానాయిక ఒకరే, శ్రుతిహాసన్. కొట్టుకున్న రెండు పక్షాల టికెట్ డబ్బులూ ఒకే గల్లాపెట్టెలో పడ్డాయి. తప్పని అనను, వ్యాపారం వాళ్ళది. బిగ్ బాస్‌లోనూ స్పై ఓటు, స్పా ఓటు వెళ్ళేది ఒకే చానెల్‌కు. ఎవరికెన్ని పడ్డాయో పూర్తి లెక్క ఓటు వేసినవాళ్ళకు చూపించరు.

రెండో సీజన్ సంగతి గుర్తుందా? 2018లో కౌశల్‌కు “కౌశల్ ఆర్మీ” అని అభిమానుల దండు తయారైంది. హైదరాబాదులో ఆయన కోసం నడక కార్యక్రమం కూడా పెట్టారు. నిర్వహిస్తున్న నాని పక్షపాతం చూపిస్తున్నాడని దుమ్మెత్తిపోస్తే, ఆయన బహిరంగంగా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ సెప్టెంబరు 30న కౌశల్ గెలిచారు. కొద్ది నెలలు తిరిగేసరికి ఆ ఆర్మీలోనే కొందరు ఆయన మీద ఆరోపణలతో టీవీ స్టూడియోలకెక్కారు. ఆయన వాటిని ఖండించారు. కొట్లాడడానికి ఎదుటి పక్షం లేకపోతే సొంత పక్షంలోనే వెతుక్కుంటారు కాబోలు.

సరే, మా సంఘం దగ్గరికి వద్దాం. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. ఒకరు వస్తే ఒకరు రారు. ఒకే రోజు వచ్చినా ఒకరు కిటికీ పక్క బెంచీ మీద, ఒకరు తలుపు పక్క బెంచీ మీద. మిగతా పదిమందిలో ఒకావిడకు కూతురి కాలేజీ ఫీజుకు యాభై వేలు కావాలి. సంఘం అప్పు వస్తుందని నమ్ముకొని ఉంది. గడువు దగ్గర పడేసరికి బయట నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఐదు నెలలకు ఏడున్నర వేలు కట్టింది. మా దగ్గరైతే అటూ ఇటుగా రెండున్నర వేలయ్యేది. మిగిలిన ఐదు వేలు? ఆవిడ ఇంట్లో టీవీ చెడిపోయి ఏడాదైంది. బిగ్ బాస్ ఒక్క రోజు కూడా చూడలేదు.

ఆవిడే ఒక రోజు నా టేబుల్ ముందు కూర్చొని, “ఆ ఇద్దరినీ మార్చాలంటే ఏం రాసియ్యల్ల సార్?” అని అడిగింది. తీర్మానం ఎట్లా రాయాలో చెప్పాను. సభ్యులు సమావేశమై ఒప్పుకుంటే సంతకందారులను మార్చుకోవచ్చు, అది వాళ్ళ హక్కు. ఆ కబురు ఊరు చేరిన రెండో రోజే ఇద్దరూ వచ్చారు, వేరువేరు ఆటోల్లో. జూన్‌లో సంతకాలు పడ్డాయి. కాగితం మీద పక్కపక్కన రావలసిన రెండు సంతకాల మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. ఫైలు తీసి చూడొచ్చు. అధ్యక్షురాలు ఆ ఖాళీకి కారణమన్నట్టు పెన్ను వైపు కోపంగా చూసింది.

మాటలు మాత్రం లేవు. అవి కలవడానికి ఎనిమిదో సీజన్ రావలసి వచ్చింది.

2024 సెప్టెంబరు 1న మొదలైన ఆ సీజన్లో నిఖిల్, యష్మి, పృథ్వీ, ప్రేరణ వీళ్ళంతా కన్నడం వైపు నుంచి తెలుగు సీరియళ్ళకు వచ్చినవాళ్ళు. “కన్నడ బ్యాచ్” అన్న మాట పుట్టింది. తెలుగు కార్యక్రమంలో తెలుగువాళ్ళే గెలవాలని ఒక పక్షం బయలుదేరింది. నాకు తెలిసి తెలుగు సీరియళ్ళలో సగం ఇళ్ళు నిలబెడుతున్నది బెంగళూరు, మైసూరు అమ్మాయిలే. “కార్తీకదీపం”లో మోనితగా తిట్లు తిన్న శోభాశెట్టి మనవైపు అమ్మాయే. వంటలక్క ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. వాళ్ళు ఏడిస్తే మనం ఏడ్చినప్పుడు భాష అడ్డం రాలేదు. ఓటు దగ్గరే గుర్తుకొచ్చింది.

ఈ మాట హైదరాబాదులో అన్నవాళ్ళకు ఏమీ కాదు. మాలాంటివాళ్ళకు గుచ్చుకుంటుంది. హైదరాబాదు పెళ్ళిళ్ళలో మేము నోరు తెరిస్తే “మీరు కన్నడవాళ్ళా?” అంటారు. బెంగళూరు ఆఫీసులో “నీవు తెలుగువరా?” అంటారు. మా అమ్మాయికి తెలుగు చక్కగా వచ్చు, చదవడం రాదు. ఈ పేజీ కూడా నేనే చదివి వినిపించాలి. ఈ పత్రిక తెప్పించుకునే చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి అనుకుంటాను. మరి “కన్నడ బ్యాచ్” అంటే గీత ఎక్కడ గీస్తారు? మా వంటింటి మధ్య నుంచా?

సరిగ్గా అదే జరిగింది. దీపావళికి ధర్మవరం నుంచి కార్యదర్శి అన్న కొడుకు వచ్చాడట. టీవీ చూస్తూ, “ఈ కన్నడోళ్ళు మనవాళ్ళను గెలవనీయరు” అన్నాడట. అక్కడే ప్రసాదం ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది అధ్యక్షురాలు. ఆమె వచ్చింది ఆ ఇంటి అత్తగారి కోసం, కార్యదర్శి కోసం కాదు. గుమ్మంలోంచే, “మనవాళ్ళెవరప్పా? నీ మేనత్త రేషన్ కార్డు కన్నడంలోనే ఉంది. ఆమె పెట్టిన అన్నం తింటా ఉండావు కదా” అందట. కార్యదర్శి ఒక్క నిమిషం ఆగి, “చెప్పు వదినా, బాగా చెప్పు” అందట. ఈ సంగతి వాళ్ళిద్దరూ నాకు విడివిడిగా, ఎవరి లెక్కలో వాళ్ళు గొప్పగా చెప్పారు. పాపం ఆ అబ్బాయి ఏమయ్యాడో అడగలేదు.

డిసెంబరు 15న మైసూరు నిఖిల్ గెలిచాడు. రామ్‌చరణ్ చేతుల మీదుగా కప్పు. మర్నాడు సోమవారం, మా బ్యాంకులో రద్దీ. ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు. కిటికీ పక్క బెంచీ మీద ఒక మనిషికే చోటుంటే ఇద్దరూ సర్దుకొని కూర్చున్నారు. కలిసి ఒకే పక్షంలో ఉన్నారనుకుంటే పొరపాటు. కార్యదర్శిది నిఖిల్, అధ్యక్షురాలిది రెండో స్థానంలో ఆగిన గౌతమ్.

“సీరియల్ చేసినోడికి యాక్టింగు కష్టమా వదినా? గెలిచేది మామూలే.”

“మరి మీ గౌతమ్ పోయిన సీజన్లో ఓడిపోయి మళ్ళీ యాలకొచ్చినాడు?”

మొగుడి తాగుడు రాలేదు, కోడలి సంగతీ రాలేదు. నేను కాస్త చెవి అటు వేసే ఉంచాను. డబ్బు తీసుకునే కాగితం ముందు పెడితే, తెలుగులోనే దెప్పుకుంటూ ఇద్దరూ కన్నడ అక్షరాల్లో సంతకాలు చేశారు. వెనక క్యూలో ఉన్న పెద్దాయన, “అమ్మా, టీవీ ఇంటికి పోయి చూసుకోండి, నాకు బస్సు పోతుంది” అన్నాడు.